కుడితి డ్రమ్ము

పురుగుమందుల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు పనిచేసి, ముప్పై మూడేళ్లకు రిటైరయ్యాను. ఆ మాట అంటే మా ఆయన, "చేతికర్ర కొనమంటావా?" అని నవ్వుతాడు. మళ్లీ ఆ పనికి వెళ్లే ఉద్దేశం లేదు కాబట్టి నా వరకు అది సరైన మాటే.

నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి పోయిన వారం ఫోన్ చేసింది. "అక్కా, ఫైళ్లన్నీ చదివాను. అసలు పనేంటో మాత్రం అర్థం కాలేదు" అంది. ఫైళ్లలో అది ఉండదు. అందుకే రోజూ పాప పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ల కోసం. ఇందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. ముందు పని గురించి చెప్పకపోతే ఆ తప్పు అర్థం కాదు.

చెత్త ఎక్కడ పుడుతుంది

మాది నాచారం పారిశ్రామికవాడలో చిన్న ఫ్యాక్టరీ. మేం మందును పుట్టించం. వేరేచోట తయారై డ్రమ్ముల్లో వచ్చిన అసలు విషాన్ని సాల్వెంట్ అనే నూనెలాంటి ద్రవంలో కరిగిస్తాం. నీళ్లలో వేస్తే పాలలా కలిసేందుకు ఇంకొకటి చేరుస్తాం. సీసాల్లో నింపి పంపుతాం. అంతే.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి వచ్చినదాన్ని, ప్రమాదకరమైన వ్యర్థాలంటే రసాయన చర్యల్లోంచి వస్తాయనుకునేదాన్ని. మా దగ్గర చర్యలే లేవు. అయినా వెనక షెడ్డులో వ్యర్థాల డ్రమ్ములు వరసగా నిలబడి ఉండేవి. అవన్నీ ఎక్కడివని మొదటి నెలలో అడిగితే, ఒక ఆపరేటర్ నావైపు జాలిగా చూసి, "కడిగినయి మేడం" అన్నాడు.

నిజమే. మా ఫ్యాక్టరీలో చెత్త పుట్టేది కడగడంలో. ఒక మందు అయిపోయి ఇంకో మందు మొదలుపెట్టాలంటే పెద్ద పాత్ర కడగాలి, గొట్టాలు కడగాలి, సీసాలు నింపే యంత్రం కడగాలి. అదీ నీళ్లతో కాదు, సాల్వెంట్‌తో. కడిగిన ప్రతి చుక్కా విషమే. దాన్ని పారబోయడానికి లేదు, తగలబెట్టే చోటికి పంపాలి. మందు మారిన ప్రతిసారీ డ్రమ్ములు పెరుగుతాయి.

నా మొదటి మేనేజర్‌కు శుభ్రమంటే పిచ్చి. ఎవరైనా పెద్దవాళ్లు వస్తున్నారంటే చాలు, "నేల అద్దంలా ఉండాలి" అనేవాడు. పొడి మందు సంచి చిరిగి నేలమీద దోసెడు పడితే, పైపు పెట్టి కొట్టించేవాడు. చీపురుతో ఎత్తితే చేటలో పట్టేది, పైపుతో కొడితే తొట్టి నిండా విషపు నీళ్లయ్యేది. నాకది తెలుసు. రెండేళ్లు నోరు మెదపలేదు. ఆయన చెడ్డవాడు కాదు, కంటికి కనిపించేదే శుభ్రం అనుకునే మనిషి. అలాంటివాళ్లు మీకూ తగులుతారు. నాలా రెండేళ్లు ఆగకండి.

మొదటి నీళ్లు

ఆయన వెళ్లాక సుధాకర్ గారు వచ్చారు. గోదావరి జిల్లా మనిషి, మాట కటువు. వచ్చిన వారానికే వెనక షెడ్డు చూసి నన్ను పిలిచారు. "ఏమ్మా, ఈ డ్రమ్ములు తగ్గించే పని నీది. ఎలాగో నన్నడక్కు. నాకూ తెలీదు."

నాకూ తెలియదు. తెలిసిన మనిషి కడిగే సెక్షన్‌లో ఉంది. పేరు మార్తమ్మ. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి నారపల్లిలో ఉంటోంది. వాళ్ల తమ్ముడు ఇప్పటికీ ఊళ్లో పత్తి వేస్తాడు. ఒకరోజు పాత్ర కడుగుతుంటే పక్కన నిలబడి చూస్తున్నాను. మొదటిసారి పోసిన సాల్వెంట్ చిక్కగా, మందులాగే బయటికి వచ్చింది. దాన్ని వ్యర్థాల డ్రమ్ములోకి వదులుతూ మార్తమ్మ గొణిగింది.

"ఏంటి మార్తమ్మా?"

"ఏం లేదు మేడం. బియ్యం కడిగిన మొదటి నీళ్లు ఎవరన్న పారబోస్తరా? కుడిదిల పోస్తరు, బర్రెకు పెడ్తరు. గిట్ల పారబోస్తె మా అమ్మ ఈపు పలగ్గొడుతుండె."

ఆ మాట పట్టుకునే మా పని మారింది. ఒకేసారి ఎక్కువ పోసి కడగడం మానేసి, కొంచెం కొంచెంగా మూడుసార్లు కడగడం మొదలుపెట్టాం. మొదటిసారి వచ్చినదాన్ని మూతపెట్టి దాచి, అదే మందు మళ్లీ చేసేటప్పుడు, ఎలాగూ పోయాల్సిన సాల్వెంట్‌లో భాగంగా పోసేవాళ్లం. ఒకే రకం మందులు వెంటవెంటనే వచ్చేలా వరస మార్చాం. వెనక షెడ్డులో వరసలు తగ్గాయి, ఆ ఎండాకాలంలో మొదటిసారి వెనక గోడ కనిపించింది.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలోనే దాచే డ్రమ్ముకు ఒక పేరు కావాల్సి వచ్చింది. పనివాళ్లంతా అప్పటికే దాన్ని కుడిది అంటున్నారు. మాది గుంటూరు వైపు, మేం కుడితి అంటాం. నాకు ఆ పేరు ఎంతో ముద్దొచ్చింది. తెల్ల రంగు తెప్పించి, నా చేత్తోనే డ్రమ్ము మీద పెద్ద అక్షరాలతో "కుడితి" అని రాశాను. సుధాకర్ గారు చూసి, "బావుందే, మీ గేదె ఎక్కడ?" అన్నారు. అందరం నవ్వాం.

నేను చేసిన తప్పు అదే. అది తప్పని ఎనిమిది నెలలు ఎవరికీ తెలియలేదు.

ఫినాయిల్ వాసన

వానలు పడి పత్తి మొలకలెత్తే రోజులు. పత్తికి కొట్టే ఒక పురుగుమందు బ్యాచ్ పూర్తయింది. సీసాలు నింపి, అట్టపెట్టెల్లో పెట్టి, లారీకి ఎక్కించేశారు. పైన టార్పాలిన్ పట్టా కట్టడం కూడా అయింది. ఉప్పల్ మీదుగా వరంగల్ వైపు పోవాల్సిన లోడు. మధ్యాహ్నం మూడవుతోంది.

ప్రతి బ్యాచ్ నుంచి ఒక సీసా దాచుకుంటాం. ఆ సీసా మీద చీటీ అంటించడానికి తీసుకున్నాను. మూత సరిగా బిగించలేదు. వాసన వచ్చింది.

పాత ఆసుపత్రుల్లో తుడిచే ఫినాయిల్ లాంటి వాసన. ఆ పురుగుమందుకు ఆ వాసన ఉండదు. అది మా పక్క షెడ్డులో చేసే కలుపు మందు వాసన. ఆ కలుపు మందు గడ్డిని వదిలి వెడల్పాటి ఆకులున్న మొక్కలను చంపుతుంది. పత్తి ఆకు వెడల్పుగా ఉంటుంది. ఆ మందు చుక్క తగిలినా పత్తి మెలికలు తిరిగిపోతుంది. పురుగుకని కొట్టిన మందు పంటనే తినేస్తుంది.

సీసా పట్టుకుని సుధాకర్ గారి గదికి పరిగెత్తాను. ఆయన వాసన చూశారు. "సాల్వెంట్ వాసనే కదమ్మా." ల్యాబ్ కుర్రాడు చూశాడు, ఆపరేటర్ చూశాడు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఏళ్ల తరబడి ఆ గాలిలో ఉన్న ముక్కులు అవి. అప్పటివరకు నాదీ అంతే.

"ల్యాబ్ రిపోర్టు చూడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి" అన్నారాయన.

ల్యాబ్ అబద్ధం చెప్పలేదు. ఉండాల్సిన మందు ఉండాల్సినంత ఉందా అని చూసింది. ఉండకూడనిది ఉందేమో చూడమని దానికి ఎవరూ చెప్పలేదు.

"కలుపు మందు ఈ షెడ్డులోకి ఎలా వస్తుంది? గోడ వేరు, పాత్రలు వేరు, మనుషులు వేరు. వాసన చూసి లోడు ఆపేశానని పై వాళ్లకు చెప్పనా?"

"ఆపండి సార్."

"ఎందుకు? ఇంకెవరికీ రాని వాసన నీ ఒక్కదానికే ఎందుకొస్తుంది?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. మూడు వారాలుగా చెప్పకుండా దాచుకున్న జవాబు. చెబితే ఆ రోజే నన్ను షెడ్డులోంచి ఆఫీసుకు మారుస్తారు, నేను మొదలుపెట్టిన పని అక్కడే ఆగిపోతుంది. ఇంకో పది రోజులు, ఆ బ్యాచ్ కాగానే, ఈ బ్యాచ్ కాగానే అనుకుంటూ రోజులు గడిపాను. బయట లారీ స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది.

"నాకు మూడో నెల సార్. తెలిసి మూడు వారాలైంది. ఇంట్లో పోపు వాసన కూడా తెలిసిపోతోంది. ఇది సాల్వెంట్ కాదు."

ఆయన లేచి నిలబడ్డారు. అరుస్తారనుకున్నాను. కిటికీలోంచి చెయ్యి ఊపి డ్రైవర్‌ను ఆగమన్నారు. తర్వాతే నావైపు తిరిగారు. "బుద్ధుందా నీకు? మూడు వారాలు ఈ షెడ్డులో తిరుగుతావా?" లారీ వైపు వేలు చూపించారు. "రేపు పదింటి వరకు లారీ గేటు లోపలే ఉంటుంది. అప్పటికి నాకు చూపించు. చూపించలేకపోతే పంపేస్తా."

తొమ్మిది కుండీలు

కలుపు మందు ఆనవాలు పట్టే పరీక్ష మా ల్యాబ్‌లో లేదు. బయటి ల్యాబ్‌కు పంపితే రోజులు పడుతుంది. మార్తమ్మకు సంగతి చెప్పాను. ఆమె కొంగుతో నుదురు తుడుచుకుంది.

"మా తమ్ముడు గీ మందే కొడ్తడు మేడం. మొన్ననే విత్తనం పెట్టిండు."

"పత్తి మొక్కలు దొరుకుతాయా ఇక్కడ?"

"ఈ పట్నంల పత్తెక్కడిది? టమాట నారు తెస్త. టమాటకు గూడ పత్తి లెక్కనే పానం సున్నితం."

బోడుప్పల్ రోడ్డు మీద నర్సరీ నుంచి ఒకే ఎత్తు ఉన్న తొమ్మిది టమాట మొక్కలు తెచ్చింది. వాటిని దూరదూరంగా పెట్టాం. మూడింటికి ఆ బ్యాచ్ మందు నీళ్లలో కలిపి కొట్టాం. మూడింటికి పాత బ్యాచ్ మందు. మూడింటికి ఉత్త నీళ్లు. కొట్టింది మార్తమ్మ, నన్ను దగ్గరికి రానివ్వలేదు. "మీరు జర గేటు కాడ నిలబడుండ్రి" అని కసిరింది. ప్రతి కుండీకీ చీటీ అంటించింది. ఏం కొట్టిందో, ఎవరు కొట్టారో. చర్చిలో పాటలు రాసుకునే గుండ్రటి చేతిరాత ఆమెది.

మర్నాడు ఎనిమిదింటికి వెళ్లేసరికి సుధాకర్ గారు అప్పటికే కుండీల ముందు కూర్చుని ఉన్నారు. ఉత్త నీళ్లవి నిటారుగా ఉన్నాయి. మందు కొట్టిన ఆరూ తలలు వాల్చాయి.

"పాత మందువీ వాలాయి, కొత్తవీ వాలాయి. తేడా ఏదమ్మా?"

నిజంగా నా ముక్కే పొరపాటు పడిందా? డ్రైవర్ టీ తాగి వచ్చి గేటుకు ఆనుకుని చూస్తున్నాడు. తొమ్మిదైంది. తొమ్మిదిన్నర అయింది. పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడ్డారు.

మార్తమ్మ వంగి, రెండు కుండీలు చేతుల్లోకి తీసుకుని ఎండలోకి తిప్పింది. "వాలుడు వేరు, మెలిపడుడు వేరు సార్. గిది సూడుండ్రి, వాలింది గని కాడ సక్కగుంది. మందు ఘాటుకు వాలింది, లేస్తది. మరి గిది?"

రెండో కుండీలో కాడ మధ్యలో కొక్కెంలా వంగింది. ఆకులు కిందికి ముడుచుకుని, అంచులు లోపలికి చుట్టుకుపోయాయి. కొత్త మందు కొట్టిన మూడూ అలాగే ఉన్నాయి. పాత మందువి మూడూ తిన్నగా ఉన్నాయి.

సుధాకర్ గారు ఆరు కుండీలనూ ఒక్కొక్కటిగా తిప్పి చూశారు. లేచి డ్రైవర్‌తో, "పట్టా విప్పు" అన్నారు.

నేను రాసిన పేరు

వెనక నిలబడ్డవాళ్లలో మల్లేశ్ ఉన్నాడు. కలుపు మందు షెడ్డు మనిషి. సెలవులో ఉన్న ఒకరి బదులు రెండు వారాలుగా మా షెడ్డుకు వస్తున్నాడు. ఎవరూ అడగకముందే ముందుకొచ్చాడు.

"నేనే పోసిన సార్. మా దిక్కు డ్రమ్ము నిండింది, తీస్కపోయే బండి రాలె. బకెట్ల కడిగిన నీళ్లు మిగిలినయి. ఈడ కుడిది అని రాసి ఉండె. పోసిన."

"కలుపు మందు నీళ్లు పురుగుమందు డ్రమ్ములో పోస్తావా?" సుధాకర్ గారు అరిచారు. "రేపటి నుంచి రాకు!"

మల్లేశ్ నావైపు తిరిగాడు. కోపంగా కాదు, అర్థం కానట్టు. "మీరే రాసిన్రు గద మేడం. కుడిదిల ఏందైనా పోస్తరు. మా ఇంట్ల గంజి, తొక్కలు, మిగిలిన చారు, అన్నీ గండ్లనే. అన్నిటికీ ఒక్కటే గద కుడిది?"

కుడితి అంటే అదే. అన్నీ కలిసేది. ఆ మాట పుట్టినప్పటి నుంచి దాని అర్థం అదే. మొదటి నీళ్లు దాచుకోవాలన్నంత వరకే నేను విన్నాను. దేంతోనూ కలపకూడని డ్రమ్ము మీద, అన్నీ కలపమని చెప్పే మాట నా చేత్తో రాశాను. మందు పేరు రాయలేదు, తేదీ రాయలేదు. ఒక్క మందుకే కదా అనుకున్నాను. ఆ డ్రమ్ములోదే ఈ బ్యాచ్‌లోకి వెళ్లింది.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. మల్లేశ్ ఆ మాట అన్నాక అరనిమిషం నేను ఊరుకున్నాను. అతను వెళ్లిపోతే విషయం అతనితోనే పోతుందన్న ఆలోచన వచ్చింది. తర్వాతే నోరు తెరిచి, "సార్, తప్పు రాసింది నేను. అతను అక్కడ చదివిందే చేశాడు" అన్నాను. ఆ అరనిమిషం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. మీకూ ఇలాంటి అరనిమిషం వస్తుంది.

మల్లేశ్ ఉద్యోగం నిలిచింది. నాదీ నిలిచింది. కానీ ఆ లోడు మొత్తం, సీసాలతో పెట్టెలతో సహా, వ్యర్థమైంది. ప్రతి పెట్టె మీదా ఎర్ర చీటీ అంటించి వెనక షెడ్డులో పేర్చారు. ఎండాకాలంలో కనిపించిన గోడ మళ్లీ కనిపించకుండా పోయింది. చెత్త తగ్గించమని పెట్టిన మనిషిని, అంతకుముందు ఎప్పుడూ లేనంత చెత్త చేశాను. చెత్త తగ్గించడమంటే తక్కువ పారబోయడమే అనుకున్నాను. దాచుకున్నదాని మీద, అందులో ఏముందో రాయకపోతే, పారబోయడమే నయం.

ఆ సాయంత్రం మార్తమ్మ సాల్వెంట్ గుడ్డతో డ్రమ్ము మీద నా అక్షరాలు తుడుస్తోంది. "ఇప్పుడేం రాయాలె?" అంది.

"మందు పేరు, బ్యాచ్, తేదీ. చివర, పోసింది ఎవరు అని."

"పోసినోళ్ల పేరు గూడనా?"

"పేరు రాస్తే చేయి ఒకసారి ఆగుతుంది."

ఆమె తుడవడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "డ్రమ్ము మీద చీటీ లేదని గింత లొల్లి అయింది. మీరు మూడు వారాలు చీటీ లేకుండ తిరిగిన్రు. నాకు ఎర్కనే మేడం. మాస్కు తీస్తె మీ మొకం చెప్తుండె. మీరే చెప్తరని సూసిన."

పోసింది ఎవరు

మర్నాటి నుంచి నన్ను ఆఫీసులో కూర్చోబెట్టారు. నేను భయపడ్డట్టు పని ఆగిపోలేదు, మార్తమ్మ నడిపింది. దాచిన సాల్వెంట్ వాడిన ప్రతి బ్యాచ్‌కీ గేటు దగ్గర టమాట కుండీలు పెట్టడం అలవాటైంది. డ్రైవర్లు తాళంచెవి తిప్పేముందు, "చెట్లు మంచిగున్నయా?" అని అడుగుతారు. ల్యాబ్ రిపోర్టు గురించి ఇప్పటికీ ఒక్క డ్రైవరూ అడగడు.

పాప పుట్టింది. ఆరోగ్యంగానే ఉంది. నాలుగేళ్లు నిండాయి. డాక్టరు ప్రతిసారీ, "ఏం లేదమ్మా" అంటుంది. అయినా దగ్గితే లేచి కూర్చుంటాను. పెన్సిల్ వంకరగా పట్టుకుంటే వేళ్లు చూస్తాను. ఆ మూడు వారాల గాలి ఏం చేసిందో, ఏమీ చేయలేదో చెప్పడానికి పక్కన ఉత్త నీళ్ల కుండీ ఏదీ ఉండదు. పిల్లలకు ఆ పరీక్ష లేదు. కడుపుతో ఉన్నారని మీకు తెలిసిన రోజే చెప్పేయండి. ఏ బ్యాచ్ అయ్యేదాకా కూడా ఆగకండి.

ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చి స్నానం చేసేదాకా పాపను తాకనిచ్చేదాన్ని కాదు. అది తలుపు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం నేర్చుకుంది. ఒకరోజు మా అమ్మ ఊరినుంచి వచ్చి ఎత్తుకోబోతే, "అమ్మమ్మా, కడుక్కున్నావా?" అని అడిగింది. ఆ వారమే రాజీనామా రాశాను. ఉద్యోగం చెడ్డదని మానలేదు. భయం నన్ను వదలక మానాను. ఆ తేడా మీకు తెలియాలి.

చివరి రోజు మార్తమ్మ గేటు దగ్గర ఒక కుండీ చేతిలో పెట్టింది. "ఉత్త నీళ్లదే మేడం. పాపకు తీస్కపోండ్రి."

తొమ్మిదేళ్లలో ఆ ఫ్యాక్టరీ నుంచి ఒక కాగితం కూడా ఇంట్లోకి తేలేదు నేను. ఆటోలో ఒడిలో పెట్టుకోకుండా కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చాను. బాల్కనీలో ఓ మూల పెట్టాను. పాప రోజూ నీళ్లు పోస్తుంది. నేను రోజూ కాడ చూస్తాను. తిన్నగా ఉంది. పూసింది, కాసింది. నాలుగు కాయలు ఎర్రగా పండి వారమైంది. "అమ్మా, కోద్దామా?" అని అడుగుతూనే ఉంది. రేపు, రేపు అంటున్నాను. పక్క కుండీల మీద కొట్టినప్పుడు గాలి ఇటు వీచిందేమో?

ఇందాక ఇది రాస్తూ లేచి వెళ్లి, ఫోన్ వెలుగులో చీటీ మళ్లీ చదివాను. వానకు అంచులు చిరిగాయి కానీ అక్షరాలు ఉన్నాయి. "ఉత్త నీళ్లు. పోసింది మార్తమ్మ."

ఇంకొకరైతే నమ్మేదాన్ని కాదు. పొద్దున పాప లేవగానే కోయిస్తాను.